నల్లా దగ్గర ఉంటాను

"లాస్ట్ టైమ్ లిఖితని మీరు ఎప్పుడు చూశారు మాస్టారూ?"

ప్రశ్న నోరు దాటాక సబ్ ఇన్‌స్పెక్టర్ నూకరత్నం నాలుక కరుచుకుంది. ఎదుటి కుర్చీలో ఉన్నది పూర్ణచంద్ర. అండమాన్‌లోనే పుట్టి, హిందీ బళ్లలో చదివే తెలుగు పిల్లలకి ఆదివారం పూట పైసా తీసుకోకుండా అక్షరాలు నేర్పే మనిషి. నూకరత్నం కూతురు తన పేరు తెలుగులో రాయగలిగిందంటే ఆయన చలవే. ఆ కాగితం ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఇంకా అంటించే ఉంది.

"చివరిసారి," అని ఆయన మెల్లగా అందించాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ చొక్కా ఇస్త్రీ నలగలేదు. "నిన్న పొద్దున్న. గుమ్మం దాకా వచ్చి నా భోజనం డబ్బా అందించింది. మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. మనిషి లేదు."

"ఇంటి నుంచి మీరు ఎన్ని గంటలకి నికల్..."

"బయలుదేరానా? ఏడున్నరకి. బడిలో ఎవరినైనా అడగవచ్చు. రెండున్నర వరకు గేటు దాటలేదు."

అడిగారు కూడా. ఆ మాట నిజమే. భార్య లిఖిత కనిపించడం లేదని నిన్న సాయంత్రం ఆయనే వచ్చి ఫిర్యాదు ఇచ్చాడు. ఈ పొద్దున్న చేపలవాళ్లకి సముద్రం ఒడ్డున రాళ్ల మీద ఒక జత ఆడవాళ్ల శాండల్స్, వాటి పక్కన ఒక ఫోన్ కనిపించాయి. రెండూ లిఖితవే. అప్పట్నుంచి డోంగీలనే చిన్న పడవల మీద గాలిస్తూనే ఉన్నారు.

"మీ ఇద్దరి మధ్య గొడవలేమైనా..."

"మా ఇంట్లో గొంతు లేవదు మేడమ్. చుట్టుపక్కల విచారించండి."

"ఫోన్లో ఎవరితో మాట్లాడేది?"

"వాళ్ల అమ్మగారితో. రోజూ సాయంత్రం, స్పీకర్లో. మా మధ్య దాపరికాలు లేవు. బజారుకి వెళితే చేరగానే ఒక ఫోటో, తిరిగి వచ్చేముందు ఒక ఫోటో పంపేది. నాకు కంగారని తనకి తెలుసు."

నూకరత్నానికి తన ఇల్లు గుర్తొచ్చింది. తన మొగుడు కార్గో షిప్పులో పనిచేస్తాడు. వారానికోసారి ఫోన్ చేస్తే పిల్ల గురించి అడుగుతాడు, సామాను గురించి అడుగుతాడు, తిన్నావా అని మాత్రం అడగడు. ఇంత బాగా చూసుకునే మొగుణ్ణి వదిలేసి ఆ పిల్ల సముద్రంలోకి ఎందుకు వెళ్తుంది?

"మొన్న సాయంత్రం తల్లితో ఏం మాట్లాడిందో యాద్... గుర్తుందా మాస్టారూ?"

ఆ దిద్దుబాటు తనే చేసుకుంది. ఆయన మెచ్చుకున్నట్టు తల ఊపాడు. నూకరత్నం చెవులు వేడెక్కాయి. పదిహేనేళ్ల సర్వీసులో ఎందరినో ఈ బల్ల ముందు కూర్చోబెట్టింది. ఎవరి ముందూ ఇలా బడిపిల్లలా ఒదిగి కూర్చోలేదు.

"ప్రతి అక్షరం గుర్తుంది," అన్నాడు. "'రేపు పొద్దున్న నల్లా దగ్గర ఉంటానమ్మా, నువ్వు ఫోన్ చెయ్యకు' అంది. అంతే. కన్నతల్లిని 'నువ్వు' అన్నందుకు మందలించాను. ఆ పూట మా మధ్య జరిగింది అదొక్కటే. నిన్న మా వీధిలో నీళ్లు వదిలే రోజు మేడమ్. డ్రమ్ములు నింపుకోవాలని ముందు రోజే అనుకున్న మనిషి చావాలనుకుంటుందా? వచ్చి చూస్తే డ్రమ్ములు ఖాళీ. నాకేమీ అంతుపట్టడం లేదు."

నూకరత్నం ఫక్కున నవ్వబోయి ఆపుకుంది. మాస్టారికి తెలియని తెలుగు మాట! "నల్లా అంటే కుళాయి అనుకున్నారా మీరు?"

"కాదా?"

"మా దీవుల్లో కుళాయిని పైపు అంటాం మాస్టారూ. నల్లా అంటే వాగు. అడవిలోంచి వచ్చి క్రీకులో పడుతుంది చూడండి, అది. ఇక్కడ పుట్టినోళ్లని ఎవర్నడిగినా చెబుతారు."

పూర్ణచంద్ర వేళ్ల మధ్య తిరుగుతున్న పెన్ను ఆగింది. ఒక్క క్షణమే. తర్వాత మొహం నిండా నవ్వాడు.

"గురువుకే పాఠం చెప్పారు. ఎంత చక్కటి మాట! ఇన్నాళ్లూ నాకు తెలియలేదు."

ఆ ఒక్క మాటకి నూకరత్నం పొంగిపోయింది, ఆ మధ్యాహ్నానికి తలుచుకుంటే సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయేంతగా.

"కానీ," అన్నాడాయన జాలిగా, "హైదరాబాద్‌లో పెరిగినవాణ్ణి కదా, మా ఇంట్లో కుళాయిని నల్లా అనే అంటాం. లిఖితకి ఆ మాట నేర్పిందీ నేనే. తను అన్నది ఆ అర్థంలోనే."

"అవునవును," అంది నూకరత్నం. పొంగు చల్లారింది. అనవసరంగా పాండిత్యం చూపించాననుకుని, ఆ ప్రశ్న అంతటితో వదిలేసింది.

ఆయన జేబులోంచి ఇంటి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. "ఇల్లు చూడాలంటే చూసుకోండి. నేను ఆ రాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చుంటాను. ఇంట్లో ఉండలేను."

అప్పుడే లోపలికి వచ్చాడు సబ్ ఇన్‌స్పెక్టర్ గణేశ్వరరావు. ఇద్దరిదీ ఒకే హోదా అయినా సర్వీసులో నాలుగేళ్లు పెద్ద. తెలుగు సంఘానికి కార్యదర్శి కూడా. ఆదివారం క్లాసులు పెట్టించింది తనేనని అందరికీ చెప్పుకుంటాడు. వస్తూనే పూర్ణచంద్ర భుజం మీద చెయ్యేశాడు.

"ఇంకా కూర్చోబెట్టావా రత్నం? పాపం, రాత్రంతా నిద్ర లేదాయనకి. మాస్టారూ, ఆటో కోసం నిలబడకండి. నా బండి తీసుకెళ్లండి."

తాళాలు చేతులు మారాయి. బయట బండి స్టార్ట్ అయిన చప్పుడు, వీధి చివర మలుపు తిరిగిన చప్పుడు కూడా నూకరత్నం విన్నది. అప్పటికి పదకొండు దాటింది.

*

ఆస్టినాబాద్‌లో మాస్టారి ఇల్లు మేడ మీద రెండు గదుల వాటా. కింద వాటాలో ఉండే ఇంటావిడ సరోజిని మెట్ల దగ్గరే ఎదురైంది. మెట్ల మీద ఇంకొకామె కూడా కూర్చుని ఉంది. నేత చీర, ఒళ్లో చేతిసంచీ. లిఖిత తల్లి కనకలక్ష్మి. నిన్న రాత్రి కబురందగానే తన ఊరు తుష్నాబాద్ నుంచి బస్సెక్కి వచ్చింది. లోపల పడుకోమంటే ఒప్పుకోలేదట. తెల్లవార్లూ ఆ మెట్టు మీదే ఉందట.

"ఏం చెప్పను మేడమ్, ఆ పిల్ల నోట్లో నాలుక ఉందో లేదో తెలీదు," అంది సరోజిని మెట్లెక్కుతూ. "మాస్టారైతే దేవుడు. పైనుంచి ఒక్క కేక వినపడలేదు ఇన్నాళ్లలో. పొద్దున బజారుకి తనే తీసుకెళ్లేవారు, సాయంత్రం గుడికి తనే తీసుకెళ్లేవారు. ఆవిడేం కట్టుకోవాలో కూడా ఆయనే తీసిపెట్టేవారట. ఇంత ఉక్కలో పొడుగు చేతుల జాకెట్లేమిటే అని అడిగితే, 'మా వారికి అలా ఇష్టమండీ' అంది. మా ఆయనకైతే నేను ఇవాళ ఏ రంగు చీర కట్టానో తెలీదు!"

పెళ్లికి ముందు లిఖిత ఎవరికి తెలియదు? హార్బర్‌లో ప్రైవేట్ బోట్లవాళ్ల దగ్గర మైకు పట్టుకునే పిల్ల. "బోటు రెడీ ఉందండీ, జల్దీ రండి, పీఛే రహ్ గయే తో ఈదుకుంటూ రావాలి!" అని హిందీ తెలుగు కలిపి అరిస్తే జెట్టీ జెట్టీ అంతా నవ్వేది. పెళ్లయ్యాక ఆ ఉద్యోగం మానేసింది. ఆదివారం క్లాసులో ఒక మూల కూర్చుని టీలు అందించేది. ఏదడిగినా ముందు మొగుడి మొహం చూసి, ఆ తర్వాత నోరు తెరిచేది. వచ్చిన నాలుగు మాటలూ పుస్తకంలోంచి ఊడిపడ్డట్టు ఉండేవి. ఎంత మారిపోయింది, ఎంత పద్ధతి వచ్చింది అని తల్లులంతా చెప్పుకున్నారు. వాళ్లలో నూకరత్నం కూడా ఉంది.

తాళం తీసి లోపలికి అడుగుపెట్టింది.

ముందు గదిలో వెతకడానికేమీ లేదు. సరోజిని వెంట రాకుండా పడక గది తలుపు మూసి లోపల గడియ పెడదామని చెయ్యెత్తింది. చేతికి గడియ తగల్లేదు. గడియ ఉండాల్సిన చోట లప్పం పూసి పైన రంగు వేసి ఉంది. స్నానాల గదికి వెళ్లి చూసింది. అక్కడా అంతే. లోపలి వైపు ఎక్కడా గడియ లేదు. బయటి వైపు మాత్రం రెండు తలుపులకీ కొత్త ఇత్తడి గడియలు మెరుస్తున్నాయి.

స్నానాల గదికి లోపల గడియ లేకుండా, బయట గడియ.

నూకరత్నం జడలోంచి పిన్ను తీసి, లప్పం పూసిన ఒక చిన్న గుంటని గోకింది. పొడి రాలింది. స్క్రూ పట్టిన చోట చెక్క పచ్చగా, శుభ్రంగా ఉంది.

వంటగదిలోకి వెళ్లింది. సింకులో ఒక మూకుడు ఉంది, నూనె, పసుపు అంటుకుని ఎండిపోయి. దాని పక్కన చింతపండు నానబెట్టిన గిన్నె. అల్మరాలో గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి గానీ పై అరలో ఒకచోట దుమ్ము లేకుండా గుండ్రటి జాగా మిగిలింది. టిఫిన్ క్యారేజీ పెట్టేంత జాగా.

పొయ్యి పక్కన గరిటెల స్టాండు. అట్లకాడ, పప్పుగుత్తి, చిల్లుల గరిటె. వాటి మధ్య ఒక అడుగు పొడవు చెక్క స్కేలు.

బడి స్కేలు. నూనె చేతులతో ముట్టుకుని ముట్టుకుని జిడ్డు పట్టింది. ఒక అంచు అరిగి, నున్నగా తేలింది.

వంటింట్లో స్కేలుకి ఏం పని? కొలవడానికి ఏముంది ఇక్కడ? నూకరత్నం దాన్ని ముట్టుకోకుండా చూస్తూ నిలబడింది. వంట చేసేటప్పుడు ఏ ఆడదైనా ధ్యాస లేకుండా మాట్లాడుతుంది. ఉప్పు అయిపోయిందనో, పాలు పొంగాయనో, అసలు తెలుగులో అంటుంది. తప్పు దొర్లేది ఇక్కడే. దిద్దాల్సింది ఇక్కడే.

ఒక ఆదివారం టీ అందిస్తున్నప్పుడు ఆ పిల్ల వేళ్ల కణుపులు నల్లగా కమిలి ఉండటం చూసింది తను. ఏమైందని అడిగింది కూడా. లిఖిత మొగుడి వైపు చూసి, "తలుపు సందులో పడ్డాయండీ" అంది. అప్పుడు నూకరత్నానికి తట్టింది ఒక్కటే. "దర్వాజా" అనకుండా తలుపు అంది, ఎంత ముచ్చటగా చెప్పిందీ అని.

పోలీసు కళ్లు పెట్టుకుని, ఆ కణుపుల్ని చూసి, మాట అందాన్ని మెచ్చుకుని వచ్చింది. ఫోన్ తీసి ఆ స్కేలుని ఫోటో తీసుకుంది.

*

"అయిందా నీ వంటింటి పరిశోధన?"

గుమ్మంలో గణేశ్వరరావు. జీపులో వచ్చినట్టున్నాడు, నుదుటి చెమట తుడుచుకుంటున్నాడు. "రాళ్ల దగ్గర మనవాళ్లు గాలిస్తున్నారు. సాయంత్రానికి శవం తేలుతుంది. మనసు బాగోని పిల్ల, దూకింది. కేసు అయిపోయింది. ఆయన్ని ఇంకా ఏడిపించకు."

"ఈ తలుపు లోపలి గడియ ఏదండీ?"

"ఏ గడియ?"

"స్నానాల గదికి."

"తుప్పు పట్టి ఊడిపోయుంటుంది. అండమాన్‌లో ఇనుము ఎన్నాళ్లు ఉంటుంది రత్నం? మా ఇంటి గేటు తాళం రెండుసార్లు మార్చాను."

"తుప్పు పట్టి ఊడితే చెక్కకి ఎర్ర మరక దిగుతుంది. ఇది చూడండి, పచ్చగా ఉంది. కొత్త గడియని కొత్తగా ఉన్నప్పుడే ఊడదీశారు. రెండు తలుపులకీ. బయట మాత్రం ఇత్తడివి వేయించారు."

గణేశ్వరరావు ఆ గుంట వైపు చూశాడు. చూపు తిప్పేసుకున్నాడు. "మొగుడూ పెళ్లాల ఇంట్లో గడియలు లెక్కపెట్టడం పోలీసుల పనా?"

"శాండల్స్ ఫోటో మీ ఫోన్లో ఉందిగా, తియ్యండి."

విసుక్కుంటూ తీశాడు. నూకరత్నం ఆ ఫోటోని పెద్దది చేసి చూపించింది. "బకిల్స్ చూడండి. రెండూ పెట్టే ఉన్నాయి. కాళ్లకున్న శాండల్స్ విప్పాలంటే బకిల్ తియ్యాలి కదా. ఇవి కాళ్ల నుంచి దిగినవి కావు, సంచిలోంచి దిగినవి. ఆదివారం క్లాసుకి తొడుక్కొచ్చే జత ఇది. రోజూ వేసుకునే రబ్బరు చెప్పులు గుమ్మం దగ్గర లేవు. వాటితోనే నడిచి వెళ్లింది."

"అయితే ఏమంటావ్? చంపి, అవి తెచ్చి అక్కడ పెట్టాడంటావా? ఆ మనిషి బడి దాటలేదు, నువ్వే రాసుకున్నావ్."

"చంపలేదు. చావలేదు కూడా. సింకులో చూడండి, పులిహోర కలిపిన మూకుడు. టిఫిన్ క్యారేజీ లేదు. చచ్చిపోయే మనిషి రెండు రోజులు నిలవుండే అన్నం కట్టుకుని వెళ్లదండీ. శాండల్స్, ఫోన్ రాళ్ల మీద పెట్టింది లిఖితే. మనం సముద్రం వైపు చూస్తుంటే తను ఇంకోవైపు వెళ్లాలని."

గణేశ్వరరావు పెదవి విరిచాడు. "ఓహో. అయితే ఎవడితోనో లేచిపోయింది. ఇంకా మంచిది. సంఘంలో తలెత్తుకోవాలా వద్దా ఆ మాస్టారు?"

"ఆ స్కేలు చూశారా?"

"ఏ స్కేలు?"

చూపించింది. ఆయన నవ్వబోయాడు. నవ్వు సగంలో ఎక్కడో ఇరుక్కుపోయింది. కొడుకుని ఆయన కూడా ఆదివారం క్లాసుకి పంపిస్తాడు.

"క్లాసులో పిల్లల మీద ఎప్పుడూ చెయ్యెత్తలేదు," అన్నాడు నెమ్మదిగా.

"ఎత్తరు. వాళ్లకి తల్లులున్నారు, అడుగుతారు."

ఆ మాట అన్నాక నూకరత్నానికే తట్టింది. లిఖితకీ తల్లి ఉంది. కింద మెట్టు మీద కూర్చుని ఉంది. పోలీసులు తనని దాటుకునే మెట్లెక్కినా ఆ తల్లి ఒక్కసారి కూడా "ఏమైంది, దొరికిందా" అని అడగలేదు.

*

కనకలక్ష్మి పక్కన మెట్టు మీద కూర్చుంది నూకరత్నం. యూనిఫారం మోకాళ్ల దగ్గర బిగుసుకుంది.

"లిఖిత బతికే ఉంది కదా పిన్నీ," అంది చిన్నగా.

ఆమె తల తిప్పలేదు. చేతిసంచీ మాత్రం దగ్గరికి లాక్కుంది. "నాకేటి తెలుసు."

"పులిహోర కట్టుకుని వెళ్లింది. నేను చూశాను. ఆ స్కేలు కూడా చూశాను."

సరోజిని పైనుంచి తొంగి చూసి వెనక్కి తగ్గింది. కనకలక్ష్మి చీర కొంగుతో నోరు నొక్కుకుని, ఆ కొంగులోంచే మాట్లాడటం మొదలుపెట్టింది.

"నా పిల్ల చిన్నప్పట్నుంచి నన్ను 'ఒలే అమ్మా' అనేది. పెళ్లయ్యాక 'మీరు భోంచేశారా అమ్మా' అనడం మొదలెట్టినాది. నానెంత మురిసిపోనానో తెలుసా? వీధిలో అందరికీ సెప్పుకున్నాను, అల్లుడు నా పిల్లని దొరసానిని సేసీసినాడని. మొన్న శ్రావణంలో ఓ పాలి పారిపోయి ఇంటికొచ్చీసింది. సేతులు సూపించినాది. నాను ఏటి సేసినానో అడుగు."

నూకరత్నం టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది.

"మాట తప్పుగా అంటే దిద్దుతాడు గావాల, నువ్వు సరిగ్గా నేర్చుకో అన్నాను. మన తెలుగు అంటే మనకే సిగ్గు కదా. సంఘం పెద్దల దగ్గరికి తీసుకెళ్లినాను. మీ గణేశ్వరరావు బాబే సెప్పినాడు, అలాంటి సదువుకున్నోడు దొరకడం అదృష్టం, తీసుకెళ్లి దిగబెట్టీ అని. దిగబెట్టీసినాను. నా సేతుల్తో."

పై మెట్ల మీద బూట్ల చప్పుడు ఆగిపోయింది. గణేశ్వరరావు దిగబోతూ అక్కడే నిలబడిపోయాడు. దిగలేదు, వెనక్కీ వెళ్లలేదు.

"మరి ఇప్పుడెలా నమ్మావు పిన్నీ?"

"మొన్న ఫోన్లో 'నువ్వు' అంది." ఆమె కళ్లు మొదటిసారి తడిశాయి. "ఇన్నాళ్ల తరవాత నన్ను 'నువ్వు' అంది. అప్పుడు తెలిసినాది, మాటాడతన్నది నా పిల్లేనని. 'నల్లా దగ్గర ఉంటాను, నువ్వు ఫోన్ చెయ్యకు' అంది. పక్కనే ఆడు వింటున్నాడు. ఆడికి నల్లా అంటే పైపు. నాకు నల్లా అంటే మా పోకతోట ఎనకాల వాగు. మన మాటల్లో ఆడికి రాని మాట ఒక్కటి ఎతుక్కుని, దాంట్లో దూరి తలుపేసుకుంది నా తల్లి. నిన్న పొద్దున్నే ఎల్లి డోంగీలో అవతలి ఒడ్డుకి దాటించినాను. అక్కడ మా పాత డేరా ఉంది. రేపు మా తమ్ముడు వచ్చి డిగ్లీపూర్ తీసుకెళ్తాడు. ఈ ఒక్క రోజూ గడిస్తే సాలు. నాను ఇక్కడ ఏడుస్తా కూచోపోతే ఆడికి అనుమానం వస్తాదని వచ్చినాను."

"ఒక్కతే ఉందా అక్కడ?"

"ఒక్కతే. డోంగీ అవతలి ఒడ్డుకే కట్టీసి, నిన్న ఆటు లాగినాక నాను నీళ్లలో నడిసొచ్చీసినాను. పోటు ఉన్నంతసేపూ ఎవడూ దాటలేడు."

"ఆటు ఎప్పుడు?"

"రెండింటికి లాగుతాది. అప్పుడు మోకాలి లోతే. అయినా ఎవడొస్తాడు? ఆడికా సోటు తెలుసు గానీ, పెళ్లయిన కొత్తలో తోట సూపించినాం, ఫోటోలు కూడా దిగినాడు. మాట తెలీదు కదా. ఆ మాట తెలిస్తేనే కదా ఆ సోటు తడతాది."

నూకరత్నానికి పొద్దున్న స్టేషన్లో మాస్టారి వేళ్లు గుర్తొచ్చాయి.

పెన్ను ఆగిన క్షణం. ఎంత చక్కటి మాట, ఇన్నాళ్లూ నాకు తెలియలేదు అన్న నవ్వు. ఆ వెంటనే, అంత మృదువుగా, మా ఇంట్లో మాత్రం కుళాయి అనే అర్థం అని తన నోరు మూయించడం. తాళంచెవి బల్ల మీద పెట్టడం. తను ఇక్కడికి వచ్చి గడియలు గోకుతూ ఉండేందుకు ఇచ్చిన తాళంచెవి అది.

లేచి నిలబడింది. "గణేశ్వరరావు గారూ, రాళ్ల దగ్గరున్న వాళ్లకి ఫోన్ చెయ్యండి. మాస్టారు అక్కడున్నారా అడగండి."

ఆయన ఎందుకని అడగలేదు. మెట్ల మీద నిలబడే చేశాడు. విన్నాడు.

"రాలేదట. పొద్దుట్నుంచి అటు రానే లేదట." బండి తాళం ఉండే జేబు తడుముకున్నాడు. "నా బండి... ఫుల్ ట్యాంకు ఉంది రత్నం."

గడియారం చూసుకుంది. ఒంటిగంట కావస్తోంది. పదకొండు దాటాక బయలుదేరిన మనిషి ఈపాటికి తుష్నాబాద్ చేరి, ఆ ఒడ్డున పోకచెట్టు కింద నిలబడి, నీళ్లు తగ్గడం చూస్తూ ఉంటాడు. తొందరపడడు. గొంతు కూడా పెంచడు.

అటువైపు అవుట్‌పోస్టుకి ఫోన్ చేసింది. ఉన్న ఒక్క కానిస్టేబుల్ వెంటనే బయలుదేరతానన్నాడు గానీ, "కౌన్సా నల్లా మేడమ్? ఇధర్ తో చార్ హై" అన్నాడు. అటు వాగులు నాలుగున్నాయట. తల్లి చేతికి ఫోన్ ఇచ్చి దారి చెప్పించింది. అతను సగం అర్థమైనట్టు "జీ, జీ" అన్నాడు. అతను సైకిలు తొక్కుకుంటూ వెళ్లాలి.

"జీపు తియ్యండి," అంది.

గణేశ్వరరావు డ్రైవరుని దింపేసి తనే స్టీరింగు ముందు కూర్చున్నాడు. నూకరత్నం కనకలక్ష్మిని వెనక సీట్లో ఎక్కించి, పక్కన కూర్చుంది. జీపు వీధి మలుపు తిరిగాక గానీ ఆ తల్లికి సంగతి పూర్తిగా అర్థం కాలేదు. అర్థమయ్యాక నూకరత్నం మోచేయి గట్టిగా పట్టుకుంది.

"ఆడికి ఎలా తెలిసినాది? నాను ఎవరికీ సెప్పనేదు. నా తమ్ముడికి కూడా సోటు సెప్పనేదు. నల్లా అంటే వాగని ఆడికి ఎవరు సెప్పినారు?"

ముందు సీట్లోంచి గణేశ్వరరావు అద్దంలోకి చూశాడు. నూకరత్నం చెప్పకపోతే ఆ సంగతి ఎప్పటికీ ఎవరికీ తెలియదు. అప్పుడు స్టేషన్ గదిలో ఉన్నది తనూ మాస్టారూ ఇద్దరే.

ఏ మాటలో చెప్పాలా అని ఆమె వెతుక్కోలేదు. దిద్దుకోలేదు. తన తల్లి దగ్గర నేర్చుకుని, ఆదివారాల్లో నలుగురి ముందూ మింగేసుకున్న మాటే బయటికి వచ్చింది.

"నానే సెప్పినాను పిన్నీ."

కనకలక్ష్మి చెయ్యి ఆమె మోచేతిని వదిలేసింది. రోడ్డు పక్కన మడచెట్ల వేళ్ల మధ్య నీళ్లు అప్పుడే వెనక్కి లాగడం మొదలుపెట్టాయి. బురద మీద తడి గీత ఒకటి కనిపిస్తోంది.